ఎదురు నడక

నమోదు 1. సోమవారం. ఎగిరిన ఓడలు ఆరు, ఆగినవి లేవు.

ఏడో ఓడ వచ్చేస్తోంది! ఈ మాట పొద్దున్నుంచి ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. టీ కొట్టాయనకు చెప్పాను, స్తంభం కింద బల్లలు తుడిచే ఆవిడకు చెప్పాను, చివరికి ఫోన్ చేసి మా అమ్మకూ చెప్పాను. "మీ కోరంగోళ్ళకి ఓడలంటే మొదట్నుంచీ పిచ్చే" అంది. అమ్మది పిఠాపురం. అందుకని తనకేమీ సంబంధం లేనట్టు మాట్లాడుతుంది.

పిచ్చే. ఒప్పుకుంటాను. ఈ కోరంగిలో ఒకప్పుడు చెక్క ఓడలు కట్టేవారు. ఇప్పుడు మేం గుడ్డ ఓడలు కడుతున్నాం, అవి నీళ్ళ మీద కాక గాలిలో తేలుతాయి. సముద్రం ముందుకొచ్చి రోడ్లు మింగేశాక ఈ లంక నుంచి ఆ లంకకు పోవాలన్నా, రాజమండ్రి పెద్దాసుపత్రికి పోవాలన్నా గాలిఓడే దిక్కు. రెండు ఓడలతో మొదలైన కంపెనీ మాది. చందువ, కొర్రమేను, పండుగొప్ప, మాగ, వంజరం, సరుకు మోసే సొర. అన్నీ చేపల పేర్లే. పులస అనే పేరును మాత్రం ఇన్నాళ్ళూ ఎవరినీ ముట్టుకోనివ్వకుండా దాచాం. అది ఏడోదానికి. అరకు దాకా పోయే ఓడకు.

నా పేరు హేమసుందరి. ఓడల్లో చోటు వృథా కాకుండా, వేళ వృథా కాకుండా చూడటం నా ఉద్యోగం. ఖాళీ సీటు మగ్గిన అరటిపండు లాంటిది, ఇవాళ పోకపోతే రేపు ఎవరూ కొనరు. అందుకే ఖాళీ సీటు కనబడితే నాకు అన్నం సయించదు.

పులసకు ఒక్కటే అడ్డం. ఓడ ఆగాలంటే దాని ముక్కు కట్టేయడానికి స్తంభం కావాలి. ఉన్న స్తంభాలన్నీ నిండిపోయాయి. కొత్తది ఇవ్వాల్సిన అధికారులు ఒక మెలిక పెట్టారు. ప్రతి ఓడా వచ్చిన అరగంటలో తిరిగి లేవాలట. ఉన్న స్తంభాలను సరిగ్గా వాడుకుంటున్నామని అలా రుజువు చేస్తేనే కొత్త స్తంభం. లేకపోతే పులస షెడ్డులోనే పడి ఉంటుంది. నెలాఖరున చూడటానికి వస్తారు.

అన్ని ఓడలూ అరగంటలో లేస్తున్నాయి, ఒక్క చందువ తప్ప. తమాషా ఏమిటంటే, చందువను నడిపే నూకరత్నంగారే రేపు పులసను నడపాల్సిన మనిషి. మా వైపు పడవ నడిపేవాణ్ణి సరంగు అనేవారు. ఆ పేరు గాలిలోకి కూడా వచ్చింది. నూకరత్నం మా కంపెనీలో మొదటి ఆడ సరంగు. గాలి ఎటు తిరుగుతుందో ఆవిడకు గాలికంటే ముందు తెలుస్తుందని అంటారు. అలాంటి మనిషి ఓడ ఎందుకు ఆలస్యమవుతోందో నేను తేల్చాలి. తేలుస్తాను!


నమోదు 4. గురువారం. ఎగిరినవి ఆరు. చందువ మళ్ళీ ఆలస్యం.

మా లెక్కల యంత్రం పేరు గుమాస్తా. గోడలోంచి మాట్లాడుతుంది. దానికి మాటలు నేర్పినవాడెవడో గానీ పాతకాలపు మర్యాదలన్నీ నేర్పాడు.

"చిత్తం అమ్మా. చందువ గేటు దగ్గర ప్రయాణికులు మంచినీళ్ళు ఎక్కువ తాగుతున్నారు. మిగతా అన్ని గేట్ల నీళ్ళూ కలిపితే చందువ గేటుకు సమానం."

"ఉప్పు చేపలు తిని వస్తున్నారా ఏమిటి?"

"ఆ సంగతి తెలియదమ్మా. లెక్క మాత్రం గట్టిది."

ఓడ ఎక్కే పద్ధతి ఇక్కడ రాయాలి, లేకపోతే నా తిప్పలు అర్థం కావు. గాలిఓడ బరువు తగ్గితే పైకి లేస్తుంది. యాభైమంది ఒక్కసారిగా దిగిపోతే తోక లేపి తాళ్ళను గుంజుతుంది. అందుకని ఒకరు దిగితే ఒకరు ఎక్కాలి. నిచ్చెనబాటలో ఒక వైపు దిగేవాళ్ళు, ఇంకో వైపు ఎక్కేవాళ్ళు. దీన్ని ఎదురు నడక అంటాం. ముందుగా సరంగు దిగాలి, స్తంభానికి ముక్కు సరిగ్గా కట్టారో లేదో కిందికొచ్చి కళ్ళతో చూడాలి. సరంగు తలుపు దాటాకే మిగతావాళ్ళు కదలాలి. ఎక్కేవాళ్ళు ఎక్కడైనా ఆగిపోయారో, వాళ్ళ బరువుకు బదులు ఓడలోకి నీళ్ళు తోడాలి, వాళ్ళు ఎక్కాక ఆ నీళ్ళు వదలాలి. అరగంట కాస్తా ఆవిరైపోతుంది.

నీళ్ళ కోసం ఆగుతున్నారన్నమాట! ఎంత తేలిక! వెంటనే చందువ గేటు దగ్గర నీళ్ళ బల్ల తీయించేశాను. నా భుజం నేనే తట్టుకున్నాను.


నమోదు 5. శుక్రవారం.

తట్టుకోవాల్సింది కాదు. ఇవాళ జనం వరసలోంచి బయటికొచ్చి, మూల కొళాయి దాకా నడిచి వెళ్ళి మరీ నీళ్ళు తాగారు. ఆలస్యం రెట్టింపయింది. చందువ తాడు గుంజుతుంటే కింద తాళ్ళు పట్టే కుర్రాళ్ళు నన్ను తిట్టుకున్నారు. నాకు వినబడేలాగే తిట్టుకున్నారు.

గుమాస్తా ఇంకో మాట అంది.

"అమ్మా, చందువ సరంగు సెలవులో ఉండి వేరొకరు నడిపిన రోజుల్లో ఆలస్యం లేదు. నూకరత్నంగారు కొర్రమేను నడిపిన రోజుల్లో కొర్రమేను ఆలస్యమైంది. ఆమెను సరుకు ఓడకు మారిస్తే అన్ని ఓడలూ అరగంటలో లేస్తాయి."

"ఆవిడేం తప్పు చేస్తోంది?"

"ఏ తప్పూ కనబడలేదమ్మా. ఓడను దించడంలో ఆమెను మించినవారు లేరు. కారణం తెలియదు. లెక్క మాత్రం గట్టిది."

నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు లేదట, కానీ తీసెయ్యాలట. ఈ సిఫారసు పైకి వెళితే మా పెద్దాయన రెండో ఆలోచన లేకుండా సంతకం పెడతాడు. ఆయనకు కొత్త స్తంభం కావాలి. నాకూ కావాలి, అదే నా బాధ. పులస కోసం నూకరత్నాన్ని సొరకు పంపితే పులసను నడిపేదెవరు?

సిఫారసును నెలాఖరు దాకా పైకి పంపొద్దన్నాను. "చిత్తం" అంది. అలిగినట్టు అనిపించింది.


నమోదు 6. శనివారం. కనిపెట్టాను.

లెక్కల గదిలో కూర్చుంటే ఏం తెలుస్తుంది? ఇవాళ నేనూ టికెట్ తీసుకుని చందువ వరసలో నిలబడ్డాను. నా ముందు కర్రి వీరభద్రంగారు. కొబ్బరి వ్యాపారి. వారానికి రెండుసార్లు రాజమండ్రి వెళతారు. ప్రయాణికుల సంఘానికి అధ్యక్షుడు కూడా, అందుకని ఎప్పుడూ వరసలో మొదటివాడు.

చందువ దిగింది. ఎంత మెత్తగా దిగిందంటే బల్ల మీది టీ గ్లాసు కూడా కదల్లేదు. తలుపు తెరుచుకుంది. నూకరత్నం నీలం చొక్కా వేసుకుని, టోపీ చంకలో పెట్టుకుని నిచ్చెనబాట మీద మాకు ఎదురుగా వస్తోంది.

వీరభద్రంగారు అడుగు ముందుకెయ్యబోయి ఆగారు. సంచి కింద పెట్టారు. బల్ల మీద కూర్చున్నారు. సంచిలోంచి సీసా తీసి రెండు గుక్కల నీళ్ళు తాగారు. ఆయన వెనక ఒకావిడ కూర్చుంది. ఆమె వెనక ఇంకొకాయన. వరస వరసంతా కూర్చుంది. కొళాయి దగ్గర చేరారు మిగతావాళ్ళు.

అప్పుడు వెలిగింది నాకు. నూకరత్నం భర్త పోయి నాలుగేళ్ళయింది. భర్త పోయిన ఆడమనిషి ఎదురొచ్చిందని, శకునం బాగాలేదని, కాసేపు కూర్చుని నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరుతున్నారు! సముద్రం మీద ఎగిరే మనుషులు! గోడలతో మాట్లాడే మనుషులు! పెద్దపెద్ద ఓడలను గాలిలో నిలబెట్టాం గానీ ఈ ముక్కను మాత్రం మూటగట్టుకుని పైకి తెచ్చుకున్నాం. గుమాస్తాకు శకునాల గురించి ఎవరూ చెప్పలేదు. మన నీళ్ళ గుక్కలు లెక్కపెట్టి తనంతట తానే నేర్చుకుంది.

నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. నూకరత్నం మాత్రం మా వరసను దాటుకుని స్తంభం దగ్గరికి పోయి, కట్టు చూసి, వేలితో రెండుసార్లు లాగి వెనక్కి వెళ్ళింది. ఎవరి వంకా చూడలేదు.


నమోదు 9. మంగళవారం. చందువ అరగంటలో లేచింది!!

రెండు ఆశ్చర్యార్థకాలు వేశాను, ఇంకా వేయగలను. ఉపాయం నాదే. చందువకు వెనక సరుకు తలుపు ఉంది కదా. సరంగు దాంట్లోంచి దిగి, గిడ్డంగి పక్కనుంచి స్తంభం దగ్గరికి పోతే? జనానికి ఎదురు రాదు. ఎవరూ కూర్చోరు. పామూ చావదు, కర్రా విరగదు అనుకున్నాను. "గిడ్డంగి వైపు నుంచి అయితే కట్టు బాగా కనబడుతుందండి" అని నూకరత్నంతో చెప్పాను. "అలాగేనండి" అంది ఆమె.

జనం చకచకా ఎక్కేశారు. గుమాస్తా కూడా "భేష్" అంది. కింద కుర్రాళ్ళకు నా డబ్బులతో జిలేబీ తెప్పించాను. పులస వచ్చేసినట్టే!


నమోదు 10. బుధవారం.

పొద్దున్నే నూకరత్నం నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సుందరిగారూ, నిన్న గిడ్డంగి కాణ్ణుంచి సూత్తే కట్టు కనబళ్ళేదండి. నీళ్ళ తొట్టి అడ్డం. మీకా సంగతి తెలవదా?"

నేను బల్ల మీది కాగితాలు సర్దసాగాను.

"ఎందుకు పంపించేరో నాకు తెలుసండి. ఆళ్ళు కూకుని నీళ్ళు తాగడం నేను రోజూ సూత్తానే ఉన్నాను. మా ఆయన ఓడ మీద పోలేదండి. జొరమొచ్చి మంచం మీద పోయేడు. మరి మంచం ఎదురొత్తే ఎవురూ ఆగరేంటండీ?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "రత్నంగారూ, పులస మీకే రావాలని..." అన్నాను.

"దొడ్డిదారిన దిగితేనే వత్తదంటే ఆ పులస నాకొద్దండి. సొర ఇచ్చేయండి, సరుకు మోసుకుంటాను. బస్తాలు శకునం సూడవు కదా."

తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఒక్క మాట అడుగుతానండి. ఓడ దిగాక నేను నడిసొత్తన్నానంటే ఏంటి? ఓడ చేమంగా దిగిందనే కదా. పైకి ఎల్లేవోళ్ళకి అంతకంటే మంచి శకునం ఏంటండీ కావాలి?"

వెళ్ళిపోయింది.  వేళ మిగిలితే చాలనుకుని మనిషిని వెనక తలుపుకు తోసేశాను. గుమాస్తాకైతే తెలియదు, నాకు తెలిసి చేశాను. గుమాస్తా కంటే నేనే అన్యాయం.

మధ్యాహ్నం ఆ ఏర్పాటు రద్దు చేశాను. సరంగు ముందు తలుపులోంచే దిగుతుంది. చందువ ఆలస్యమైతే అవనీ. చందువ ఆలస్యమైంది.


నమోదు 13. శనివారం.

ఇవాళ చందువ వరసలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగాను. నేను నోరు మూసుకునే రకం కాదని ఈపాటికి అందరికీ తెలిసే ఉంటుంది.

ఒకావిడ అంది, "నాకేం పట్టింపు లేదమ్మా. మా పక్కింటివాళ్ళు కూర్చుంటే నేనొక్కదాన్నీ ఎలా వెళ్ళనూ?" పక్కింటాయన, "మాకేంటండీ, వెనకావిడ ఊరుకోదు కదా" అన్నాడు. వెనకావిడ, "ముందు ఆ పెద్దాయన కూర్చున్నారండి" అని వీరభద్రంగారిని చూపించింది. ఇంత పొడుగు వరసలో శకునం నమ్మే మనిషి ఒక్కరు కూడా దొరకలేదు! అందరూ పక్కవాళ్ళ కోసమే కూర్చుంటున్నారట.

చివరికి వీరభద్రంగారి దగ్గర చేరాను.

"ఆయ్, నాకేవన్నా పిచ్చాండీ? సంఘం అధ్యక్షుణ్ణి. నేను ఆగకుండా ఎల్లిపోతే, తర్వాత దారిలో ఏ గాలో కొట్టిందనుకోండి, అందరూ నన్నే అంటారు. అందరికోసం కూర్చుంటన్నాను."

"ఆవిడ ఓడను ఒక్కసారైనా గాలి కొట్టిందాండీ?"

ఆయన ఆలోచించారు. "లేదండి. ఓ సారి తుఫానులో మా బుల్లబ్బాయి ఆ ఓడలోనే వచ్చాడు. ఆడి చేతిలో కాఫీ కూడా ఒలకలేదన్నాడు."

నూకరత్నం నాతో అన్న మాట ఆయనకు చెప్పాను. ఆమె నడిచి వస్తోందంటే ఓడ క్షేమంగా దిగినట్టే, అంతకంటే మంచి శకునం ఏముందని. ఆయన సీసా మూత బిగించుకున్నారు.  తలుపు తెరుచుకోగానే అలవాటుగా కూర్చున్నారు.

ఈయన మారడు. పులస రాదు. ఇవాళ నాకు ఇంకేమీ రాయాలని లేదు.


నమోదు 19. శుక్రవారం. తనిఖీ.

  వరసగా రాయాలి, లేకపోతే అంతా ఒకేసారి చెప్పేస్తాను.

అధికారి పొద్దున్నే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడకు మఫ్లర్. సముద్రపు గాలి పడలేదట, రుమాలు ముక్కు దగ్గరినుంచి తీయడం లేదు. కొర్రమేను బాగా లేచింది. పండుగొప్ప, మాగ, వంజరం, సొర, అన్నీ అరగంట లోపే. ప్రతి ఓడకూ నేను అధికారి చేతులు పట్టుకుని ఊపేస్తుంటే ఆయన ఒక అడుగు దూరం జరిగాడు.

చివరికి చందువ. గేటు దగ్గర వరస నిండుగా ఉంది. మొదట వీరభద్రంగారు, సంచితో, నీళ్ళ సీసాతో. ఆ సీసా లాక్కుని సముద్రంలో పారేద్దామా అన్నంత కచ్చ వచ్చింది నాకు.

చందువ దిగింది. తలుపు తెరుచుకుంది. నూకరత్నం నిచ్చెనబాట మీదికి వచ్చింది. ఇవాళ టోపీ తలమీద పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడు, నా పక్కనే, అధికారి తుమ్మాడు.

ఒక్క తుమ్ము! ఒంటి తుమ్ము! ప్రయాణం ముందు ఒంటి తుమ్ము వినబడితే ఇంట్లోంచి కదలనివాళ్ళు మా జనం. దానికి తోడు ఎదురుగా నూకరత్నం. వరసంతా రాయిలా నిలబడిపోయింది. నేను అధికారి ముక్కు వైపు చూశాను. ఇంకొకటి తుమ్మితే చాలు. జంట తుమ్ములైతే దోషం లేదంటారు కదా. తుమ్మవయ్యా బాబూ! ఆయన రుమాలుతో ముక్కు తుడుచుకుని, రుమాలు మడత పెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. అయిపోయింది.

నూకరత్నం నిచ్చెనబాట మధ్యలో ఆగింది. ఆమెకూ వినబడింది. మొదటిసారి ఆమె వరస వంక చూసింది. తల దించుకోలేదు, పక్కకు తప్పుకోలేదు. అలా నిలబడింది, అంతే.

వెనక ఎవరో సంచి కింద పెట్టిన చప్పుడు. అందరి చూపూ వీరభద్రంగారి మీదే. ఆయన బల్ల వైపు చూశారు. నూకరత్నం వైపు చూశారు. సీసా చంకలో పెట్టుకున్నారు. తల వెనక్కి వంచి, నోరు ఇంత పెద్దగా తెరిచి,

"హా...చ్చి!"

అంత దొంగ తుమ్ము నా జన్మలో వినలేదు. నాటకంలో రాక్షసుడు కూడా అలా తుమ్మడు. స్తంభం మీది కాకులు లేచిపోయాయి.

"రెండో తుమ్ము పడిందండీ!" అని అరిచారాయన. "జంట తుమ్ములు, దోషం లేదు! పదండి పదండి, కూకుంటారేంటి, అరగంటలో ఓడ లేవాలి!"

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వరస చివరిదాకా పాకింది. అందరికీ తెలుసు అది దొంగ తుమ్మని. అందరూ ఎప్పుడెప్పుడా అని అలాంటిదొకదాని కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. పెట్టిన సంచులు లేచాయి.

వీరభద్రంగారు నిచ్చెనబాట ఎక్కారు. నూకరత్నం దిగుతోంది. ఇద్దరూ ఎదురుపడ్డ చోట ఆయన ఆగారు.

"చేమంగా దిగేరా అమ్మా?"

"దిగేనండి" అంది నూకరత్నం. "చేమంగా ఎక్కండి."

ఆయన వెనకావిడ కూడా అదే అడిగింది. ఆమె వెనకాయన కూడా. వీళ్ళందరూ ఆగి అడుగుతూ ఉంటే మళ్ళీ ఆలస్యమవుతుందని నా ప్రాణం పోతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, రెండూ ఒకేసారి. నూకరత్నం నడుస్తూనే అందరికీ తలూపి, స్తంభం దగ్గరికి పోయి, కట్టును వేలితో రెండుసార్లు లాగింది.

చందువ అరగంటకు ఇంకా రెండు నిమిషాలుందనగా లేచింది. నేను గెంతాను. అధికారి మఫ్లర్ సర్దుకుని, "మీ ప్రయాణికులకు కూడా జలుబు చేసినట్టుందే" అన్నాడు. అవునండీ, ఇక్కడ గాలి అలాంటిది అన్నాను. స్తంభం ఇచ్చాడు!


నమోదు 31. ఎగిరిన ఓడలు ఏడు. ఏడు! ఆగినవి లేవు.

పులస ఇవాళ అరకు వెళ్ళింది. సరంగు నూకరత్నం. ఒక్క సీటు ఖాళీ లేదు. వీరభద్రంగారికి అరకులో ఏ పనీ లేదు, అయినా టికెట్ కొన్నారు.

పులస కనుమరుగయ్యాక గదికి వచ్చేసరికి గుమాస్తా నాకోసం కాచుకుని ఉంది.

"అమ్మా, నూకరత్నంగారిని మార్చాలన్న సిఫారసు వెనక్కి తీసుకుంటున్నాను. కారణం తెలియదు. లెక్క మాత్రం గట్టిది."

"సంతోషం."

"ఒక్క సందేహం. తనిఖీ రోజున ప్రయాణికుడొకరు తుమ్మిన తర్వాత వరస కదిలింది. ఆ తుమ్మును ఏ పద్దు కింద రాయమంటారు?"

"సిబ్బంది చేసిన పని కింద రాయి."

"ఆయన మన సిబ్బంది కారు కదమ్మా."

"ఆ ఒక్క తుమ్ముసేపూ మనవాడే. రాయి."

"చిత్తం" అని రాసుకుంది.